నాలుగో ముక్క

నంద్యాలలో పాండురంగయ్య అంగడికి బోర్డు ఉంది గానీ దాన్ని చదివి వచ్చేవాళ్లు లేరు. "పాత బండ్ల శెట్టి అంగడి" అంటే చాలు, ఆటోవాళ్లు తెచ్చి మెట్ల ముందర దించుతారు. కొత్త బండ్లకు షోరూములున్నాయి, ఫోనులో నొక్కితే ఇంటికే తెచ్చిచ్చేవాళ్లున్నారు. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు నడిచి ఒళ్లు హూనమైన పికప్పులకు, జీపులకు కావలసిన ముక్కలు మాత్రం ఈ అంగడి అరల్లోనే దొరకాలి.

ఆ అంగడిలో వినపడని మాట ఒకటుంది. లేదు అనే మాట. పాండురంగయ్య నాయన పెట్టిన కట్టడి అది. సరుకు లేకపోతే సాయంత్రం వస్తుంది అనాలి, రేపటికి తెప్పిస్తా అనాలి. లేదన్న మాట చెవిన పడితే లక్ష్మి గడప దిగిపోతుందని ఆ పెద్దాయన నమ్మకం. సరుకు లెక్కపెట్టేటప్పుడు కూడా ఒకటి అనేవాడు కాదు, లాభం, రెండు, మూడు అనేవాడు. ఇక బోణీ సంగతి చెప్పనే అక్కరలేదు. పొద్దున మొదట మెట్లెక్కినవాడు ఉత్త చేతులతో దిగిపోతే ఆ రోజంతా ఆ మెట్లకు దుమ్ము తప్ప ఇంకేమీ అంటదు. ఒక నట్టయినా, ఒక వాషరయినా వాడి చేతిలో పెట్టి పంపాలి.

ఆ వారంలో మూడు పొద్దులు వరసగా బోణీ చెడింది. అడిగిన ముక్క లేదు, రేపటిదాకా ఆగే ఓపిక వచ్చినవాడికి లేదు. మూడు రోజులూ అంగడి బావురుమంది. నాలుగోరోజు శుక్రవారం. పాండురంగయ్య ఊదొత్తులు వెలిగించి, పటానికి దండం పెట్టి, ఇంకా చెప్పులు కూడా విడవకముందే ఒక మనిషి తువ్వాలు మూటతో మెట్లెక్కాడు.

"ఏందప్పా వెంకటేశ్వర్లూ, కోడి కూయకముందే వచ్చినావు?"

వెంకటేశ్వర్లుది ఆళ్లగడ్డ దాటినాక ఉండే పల్లె. నాలుగెకరాల అరటి, ఆరెకరాల వరి, ఒక పాత పికప్పు ఉన్న రైతు. అతని నాయన కూడా ట్రాక్టరు సామాన్లకు ఈ అంగడికే వచ్చేవాడు. గల్లాబల్ల మీద మూట విప్పితే, గ్రీజు పట్టి నల్లబడిన ఇనుప ముక్కలు నాలుగు బయటపడ్డాయి.

"ఈ నాలుగూ కావాల శెట్టీ. బండి దస్తగిరి షెడ్డులో చక్రాలూడదీసుకోని కూసోని ఉండాది. స్టీరింగు ఒక పక్కకు పొమ్మంటే చక్రం ఇంకో పక్కకు పోతాండాది. నా మాట నా పెండ్లాం ఇన్నట్ల."

పాండురంగయ్య నవ్వి, ఒక ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. స్టీరింగు నుంచి చక్రానికి పోయే కడ్డీల చివర్లలో ఉంటాయి అవి. లోపల గుండు, గుండుకు ఒక మొల. ఆ మొల మొదట్లో లావుగా, కొసకు సన్నంగా ఉంటుంది. అది చక్రం దగ్గర పొడుచుకొచ్చిన ఇనుప చెవిలో, అదే కొలతలో ఉన్న రంధ్రంలో గట్టిగా దిగి కూర్చోవాలి. పైన నట్టు, నట్టుకు అడ్డంగా పిన్ను. వెంకటేశ్వర్లు తెచ్చినవాటిలో గుండ్లు అరిగి, ఊగే పళ్ల మాదిరి కదులుతున్నాయి.

"వీటితో ఇన్నాళ్లు ఎట్ల తోలినావప్పా?"

"అలవాటైపోయిందిలే. రొంత కుడికి పట్టుకుంటే అదే నేరుగా పోతాది. నేనొక్కణ్నే అయితే ఇంకో ఏడు తోలుదును. రేపు స్వామి నక్షత్రం స్వాతి గదా, నా మనవరాలికి ఎగువ అహోబిలంలో పుట్టెంట్రుకలు. మా యమ్మ మొక్కు. పద్నాలుగు మందిమి బండెక్కాల. అందులో ఏడాది నిండని బిడ్డి. అందుకే మా యమ్మ పట్టు పట్టింది, బాగు చేయిస్తేనే ఎక్కుతా అని."

"ఆళ్లగడ్డలో దొరకలేదా?"

"దొరికితే మొదటి బస్సుకు నీ మొగం సూడనీక వస్తానా? పదహారేండ్ల బండివి యాడుంటాయి అన్నారు. దస్తగిరి చెప్పినాడు, శెట్టి దగ్గరికి పో, శెట్టి కాడ లేకుంటే భూమ్మీద లేనట్లే అని."

ఆ మాట పాండురంగయ్యకు ఊదొత్తుల వాసన కంటే కమ్మగా ఉంది. లోపలి అరల్లోకి పోయాడు. పాత డబ్బాలు దించి, దుమ్ము ఊది, ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"లాభం. రెండు. మూడు."

నాలుగోది ఎడమ చక్రం దగ్గరిది. ఆ డబ్బా తెరిస్తే అడుగున నూనెకాగితం ఉంది, ముక్క లేదు. పై అర చూశాడు, కింది అర చూశాడు. కంపెనీకి ఆర్డరు పెడితే మూడు రోజులు. రోడ్డుకు అవతల, ఎదురుగా శ్యాంసుందర్ అంగడిలో ఉండవచ్చు. అక్కడికి పంపడమంటే మూడు ముక్కలూ ఇక్కడే వదిలి, నాలుగూ అక్కడే కొనుక్కోమని చెప్పినట్టే. బోణీ బేరం మెట్లు దిగి శత్రువు మెట్లు ఎక్కుతుంది.

అప్పుడు అట్టడుగు సొరుగు గుర్తొచ్చింది. ఆరు నెలల కిందట ఎవరో డ్రైవరు, మా బండికి సరిపోలేదని తిరిగి ఇచ్చిపోయిన ముక్క ఒకటి అందులో పడి ఉంది. తీసి చూశాడు. అదే పొడవు, అవే మరలు. చూపుకు కవలపిల్ల. చేతిలో పట్టుకుంటే మాత్రం మొల కొంచెం సన్నంగా ఉన్నట్టు వేళ్లకు తెలిసింది. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఇనుము పట్టిన వేళ్లు అవి, అబద్ధం చెప్పవు. కొత్త మోడలుది అయి ఉంటుంది.

గల్లాపెట్టె పక్కనే కొలత సాధనం ఉంది. రోజుకు పదిసార్లు తీసే వస్తువే. ఆ పొద్దు పాండురంగయ్య దాన్ని తీయలేదు. తీస్తే అది ఏం చెబుతుందో తెలుసు కాబట్టి తీయలేదు.

"నాలుగు," అని బల్ల మీద పెట్టాడు.

"సరిపోతాదా శెట్టీ ఇది?"

"ఆ."

అంత పెద్ద అంగడిలో అంత చిన్న మాట ఎప్పుడూ పలికి ఉండడు. వెంకటేశ్వర్లు ఆ నాలుగూ తువ్వాల్లో కట్టుకుని, పాతవి "ఇనుము కిందేసుకో" అని బల్ల మీదే వదిలి, రెండో బస్సు అందుకోవడానికి దిగిపోయాడు.

ఆ రోజు అంగడి కిటకిటలాడింది. పడ్డ బోణీ మంచిదని పాండురంగయ్య అనుకోవాలి. అనుకోలేకపోయాడు. పొద్దు వాలేవేళ బల్ల తుడుస్తుంటే ఆ పాత ముక్కలు చేతికి తగిలాయి. నాలుగోదాన్ని తీసి, ఇక తప్పక కొలిచాడు. పాత మొల, తాను ఇచ్చిన కొత్త మోడలు మొల కొలత కంటే మిల్లీమీటరున్నర లావు. లావు రంధ్రంలో సన్న మొల దిగితే పైన అంచు దగ్గర ఆనుతుంది, లోపల బోలుగా ఉంటుంది. కుదుపుకు కొంచెం, మలుపుకు కొంచెం కదిలి కదిలి, ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. విరిగిన నిమిషం స్టీరింగు డ్రైవరు చేతిలోనే ఉంటుంది, చక్రం మాత్రం ఎవరి మాటా వినదు.

'దస్తగిరి చూస్తాడు,' అనుకున్నాడు. 'వాడి కంటికి వెంట్రుకంత తేడా కూడా తప్పించుకోదు. పొద్దున్నే ముక్క తిరిగొస్తుంది.' ఆ మాట పట్టుకుని ఇంటికి పోయాడు. భార్య రత్నమ్మ వడ్డించిన కూడు వేళ్లతో కెలికి లేచాడు.

శనివారం అంగడి తెరిచాడు. ముక్క తిరిగి రాలేదు. తొమ్మిది దాకా మెట్ల వంక చూసి, ఇక ఆగలేక దస్తగిరికి ఫోను చేశాడు.

"శెట్టీ, సలాం. ఏందీ, నువ్వే ఫోన్ చేసినావు?"

"వెంకటేశ్వర్లు బండి యాడుంది?"

"నిన్న మాపటేలకే పని అయిపోయ. పొద్దున ఆరుకు నా షెడ్డు ముందర్నే పోయినారు, గోయిందా గోయిందా అని కేకలేసుకుంటా."

పాండురంగయ్య ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "ఎడమ చక్రం దగ్గర... బాగా కూర్చుందా?"

"రొంత లోపలికి పోయింది శెట్టీ. నట్టు మరలు దాటిపోతే కింద రెండు వాషర్లు ఏసి బిగిచ్చినా."

"రెండు వాషర్లు ఏసేటప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. మళ్ల నువ్విచ్చిన ముక్క గదా అనుకున్నా. శెట్టి చూడకుండా ఇస్తాడా అని."

ఫోనులో దస్తగిరి షెడ్డులోని సుత్తి చప్పుడు వినపడుతోంది.

"అది కొత్త మోడలుది దస్తగిరీ. సన్నం."

సుత్తి ఆగిపోయింది. "నీకు తెలిసే ఇచ్చినావా?"

పాండురంగయ్య పెన్ను తీశాడు. "వాని నెంబరియ్యి," అన్నాడు. ఆ నెంబరుకు నాలుగుసార్లు చేశాడు. నల్లమల అడవిలోకి పోయిన ఫోను ఎవరికి పలుకుతుంది? నాలుగుసార్లూ అదే ఆడగొంతు, అదే మాట.

షట్టరు దించి తాళం వేశాడు. పట్టపగలు శెట్టి అంగడి మూయడం చూసి పక్కన టీ బంకు దగ్గరివాళ్లు గ్లాసులు పట్టుకుని అట్లే నిలబడ్డారు. రోడ్డు దాటి శ్యాంసుందర్ అంగడి మెట్లు ఎక్కాడు. ఇరవయ్యేళ్లుగా ఎదురెదురుగా కూర్చున్నా ఎక్కని మెట్లు.

శ్యాంసుందర్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏందన్నా, దారి తప్పినావా?"

"పాత మోడల్ పికప్పు, ఎడమ చక్రం కడ్డీ ముక్క కావాల."

"నీ అంగడిలో లేనిది నా అంగడిలో ఉంటాదా?"

"నా దగ్గర లేదు."

అన్నాక ఆ మాట ఎంత తేలికగా ఉందో అతనికే వింతగా తోచింది. శ్యాంసుందర్ ఇంకో ఎగతాళి మాట నాలుక మీదికి తెచ్చుకుని కూడా ఎదుటివాడి ముఖం చూసి మింగేశాడు. లోపలికి పోయి ముక్క తెచ్చాడు. పాండురంగయ్య ఈసారి కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు.

ఆళ్లగడ్డ బస్సు ఆ రోజు ఎందుకంత నిదానంగా పోయిందో దానికే తెలియాలి. ప్రతి పల్లె దగ్గరా ఆగింది. పాండురంగయ్య ముక్కను సంచిలో పెట్టి, సంచిని ఒళ్లో పెట్టుకుని, ఎదురొచ్చే ప్రతి బండినీ చూస్తూ కూర్చున్నాడు. బస్సెక్కేముందే ఫోను చేసి చెప్పాడు కాబట్టి, ముక్క లేకుండా ముందు పోయి లాభం లేదని ఆగిన దస్తగిరి, ఆళ్లగడ్డ బస్టాండు బయట మోటారు సైకిలు మీద సిద్ధంగా ఉన్నాడు. వెనక పానాల సంచి, ట్యాంకు మీద జాకీ కట్టి ఉంది.

"ఎక్కు శెట్టీ. గట్టిగా పట్టుకో. నువ్వు జారి పడితే నీ ముక్కను ఎవరు కొలిచేది?"

ఎగతాళి మాటే గానీ నవ్వు లేకుండా అన్నాడు. శిల్పుల షెడ్ల ముందు సగం చెక్కిన రాతి విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని దాటి బండి అహోబిలం దారి పట్టింది.

దారి పొడుగునా అరటి తోటలు, పసుపు మళ్లు, కాలువ వంతెనలు. ప్రతి వంతెన దగ్గరా దస్తగిరి బండి నిదానం చేసి పక్కకు తొంగి చూశాడు. ఎందుకు చూస్తున్నాడో పాండురంగయ్యకు అడగనక్కరలేదు. ఒకచోట మలుపులో జనం గుంపు. ఆడవాళ్ల కేకలు. పాండురంగయ్య చేతులు దస్తగిరి భుజాలను పట్టేశాయి. దగ్గరికి పోతే వడ్ల ట్రాక్టరు టైరు పగిలి బస్తాలు దొర్లాయి, కళ్లానికి దక్కిన వడ్లు రోడ్డుపాలయ్యాయని ఇద్దరు ఆడవాళ్లు డ్రైవరును తిడుతున్నారు. అంతే.

"భుజం ఇడువు శెట్టీ, విరుగుతాది," అన్నాడు దస్తగిరి. మళ్లీ బండి వేగం పెంచాడు.

దిగువ అహోబిలంలో బండి లేదు. కొబ్బరికాయల అంగడామె చెప్పింది, బిడ్డి గోలగోలగా ఏడుస్తాంటే పొద్దున్నే ఎగువకు పోయినారు అని. ఎగువ అహోబిలానికి కొండదారి. ఒకవైపు రాయి, ఒకవైపు లోయ, మలుపు మీద మలుపు. ఆ దారిలో ఒక్క మలుపు దగ్గర కూడా పాండురంగయ్య నరసింహస్వామిని తలుచుకోలేదు. ఆ మొల ఆనుతున్న అంచు ఒక్కటే కళ్ల ముందుంది.

ఎగువన, కోతుల గుంపు పక్కన, పికప్పు నిలబడి ఉంది. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి ఉన్నాయి. వెనక బల్ల దించుకుని ఆడవాళ్లు పులిహోర పొట్లాలు విప్పుతున్నారు. గుండు చేయించి గంధం పూసిన పసిబిడ్డ అవ్వ ఒళ్లో నిద్రపోతోంది.

పాండురంగయ్య బండి దిగి నేరుగా ఎడమ చక్రం దగ్గరికి పోయాడు. పికప్పు మడ్‌గార్డును పట్టుకున్నాడు.

"శెట్టీ!" వెంకటేశ్వర్లు పులిహోర చేత్తోనే లేచొచ్చాడు. "నువ్వేంది ఈడ? నీకూ మొక్కుందా?"

"బండి ఎట్ల వచ్చిందప్పా?"

"అదే చెప్దామనుకుంటాండా దస్తగిరికి. పొద్దున బంగారం మాదిరి ఉండె. కొండెక్కేటప్పుడు ఎడమకు లాగబట్టె. ఆఖరి రెండు మలుపులూ టక్కు టక్కుమని చప్పుడు. కొత్త ముక్కలు గదా, సర్దుకుంటాండాయేమో అనుకున్యా."

దస్తగిరి అప్పటికే జాకీ పెట్టి బండి కిందకు దూరాడు. కడ్డీ పట్టుకుని ఊపాడు. ఆ చప్పుడు పైన నిలబడ్డవాళ్లందరికీ వినపడింది. పిన్ను తీసి, నట్టు తిప్పితే వేళ్లతోనే వచ్చేసింది. ముక్కను ఊడదీసి పాండురంగయ్య చేతికి అందించాడు. మొల నడుమ, అంచు ఆనిన చోట, చుట్టూ మెరిసే గీత పడి ఉంది. గీతకు ఒక పక్కన వెంట్రుక మందాన పగులు.

ఆ పగులు వంక చూస్తూ పాండురంగయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. సంచిలోంచి సరైన ముక్క తీసి ఇచ్చాడు. దస్తగిరి రంధ్రం తుడిచి, టార్చి వేసి, చూపుడువేలు లోపల తిప్పి చూసి, "చెవి బాగుంది," అన్నాడు. కొత్త మొల రంధ్రంలోకి దిగి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. వాషర్లు అక్కర్లేకపోయాయి. పిన్ను నట్టు గాడిలోంచి నేరుగా దూరింది.

ఇదంతా చూస్తున్న వెంకటేశ్వర్లు తల్లి అంకమ్మ, బిడ్డను కోడలి ఒళ్లో పెట్టి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి.

"ఏమైంది నాయనా?"

"ముక్క బాగాలేదంట మా. శెట్టి నంద్యాల నుంచి ఇంగోటి తెచ్చినాడు," అన్నాడు వెంకటేశ్వర్లు.

"మన కోసరమే?"

"మన కోసరమే."

అంకమ్మ రెండు చేతులూ జోడించింది. "స్వామి పంపించినాడు నాయనా నిన్ను. ఈ కాలంలో అమ్మిన ముక్క ఎట్లుండాదో అని అంగడి మూసుకోని కొండెక్కి వచ్చే శెట్టి యాడుంటాడు? మేయ్, ఆ పొట్లం తేండి. శెట్టికి ఆకు వేయండి."

ఆడవాళ్లు లేచారు. ఎవరో తుండు పరిచారు. ఎవరో నీళ్ల సీసా అందించారు. వెంకటేశ్వర్లు బావమరిది ఫోను తీసి, "ఒక ఫోటో శెట్టీ, మా వాట్సప్ గ్రూపులో పెడతా," అన్నాడు. పులిహోర, దద్దోజనం, ఒక లడ్డు పెట్టిన విస్తరాకు పాండురంగయ్య ముందుకు వచ్చింది.

బండి కింద నుంచి దస్తగిరి నెమ్మదిగా అన్నాడు, అతనొక్కనికే వినపడేటట్టు. "చెప్పద్దు శెట్టీ. అయిపోయింది గదా. నాదీ తప్పుండాది. తిను, పోదాం."

తినవచ్చు. తింటే ఆ పల్లె పల్లెంతా రేపటి నుంచి అతని అంగడికే వస్తుంది. అంకమ్మ చెప్పే కథ ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో అతని పేరును పదేళ్లు మోస్తుంది. పాండురంగయ్య విస్తరాకు వంక చూశాడు. తరువాత నిద్రపోతున్న బిడ్డ గుండు వంక చూశాడు. గంధం ఎండి పగుళ్లిచ్చి ఉంది.

"అమ్మా, ఈ ఆకు తీసేయ్," అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"అది సరిపోదని నాకు నిన్ననే తెలుసు. ఇచ్చేటప్పుడే తెలుసు. నా దగ్గర సరైంది లేకపోయ. బోణీ బేరం పోతాదని, ఉండేది చేతిలో పెట్టినా. కొలిచేది పక్కనే ఉండె, కొలవలేదు. దస్తగిరి తప్పేం లేదు. నన్ను నమ్మి బిగిచ్చినాడు."

బావమరిది ఫోను దించాడు. అంకమ్మ అర్థం కానట్టు కొడుకు ముఖం చూసింది, అర్థమయ్యాక పోయి బిడ్డను మళ్లీ తన ఒళ్లోకి లాక్కుంది. విస్తరాకు అక్కడే ఉంది. కోతి ఒకటి వచ్చి లడ్డు ఎత్తుకుపోయినా ఎవరూ అదిలించలేదు.

వెంకటేశ్వర్లు పగులు పడిన మొలను తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. కొట్టినా బాగుండేదని పాండురంగయ్యకు అనిపించింది.

"దిగేటప్పుడు విరిగేది గదా ఇది?" అని వెంకటేశ్వర్లు దస్తగిరిని అడిగాడు.

దస్తగిరి తల ఊపాడు.

"మీరంతా ఆటోల్లో కిందికి దిగండి," అన్నాడు వెంకటేశ్వర్లు ఇంట్లోవాళ్లతో. "ఆడ బస్సెక్కి ఇంటికి పోండి. ఒక్కరు కూడా ఈ బండి ఎక్కేది లేదు." తరువాత పాండురంగయ్య వైపు తిరిగాడు. "నువ్వెక్కు శెట్టీ. ముందర, నా పక్కన. ఎడమ పక్కన."

పాండురంగయ్య ఎక్కి కూర్చున్నాడు. దస్తగిరి పానాలు సర్దుకుని తన బండి తీశాడు.

కిందికి దిగుతుంటే లోయ ఎడమ పక్కన ఉంది. వెంకటేశ్వర్లు వేగంగా తోలలేదు, నిదానంగానూ తోలలేదు. రోజూ ఎట్లా తోలుతాడో అట్లానే తోలాడు. ప్రతి మలుపు దగ్గరా పాండురంగయ్య కాలు లేని బ్రేకును తొక్కింది. చక్రం తన కింద నుంచి, తన పక్క నుంచి తిరుగుతుంటే, నేల మీద ఒక్క చిన్న రాయి తగిలినా టక్కుమన్న చప్పుడు కోసం చెవి రిక్కించాడు. ఇప్పుడు ఈ చోట కూర్చోవలసినవాళ్లు ఎవరో, ఎవరి ఒళ్లో ఎవరు కూర్చునేవారో అతనికి లెక్క తెలియకుండానే తెలుస్తోంది.

సగం కొండ దిగాక వెంకటేశ్వర్లు నోరు విప్పాడు.

"నిన్న లేదు అని ఉంటే ఏమయ్యేది శెట్టీ?"

"నువ్వు ఎదుటి అంగడికి పోయేటోనివి."

"ఆడ దొరికేదా?"

"దొరికేది. ఇది ఆడ కొనిందే."

"అంతేనా?"

"అంతే."

వెంకటేశ్వర్లు ఇంకో మలుపు తిప్పాడు. "మా నాయన చచ్చిపోయేదాకా చెప్తాండె. శెట్టి కాడ కొంటే మళ్ల చూసుకునే పన్లేదని."

దిగువ అహోబిలంలో బస్సులు ఆగే చోటికి వచ్చేసరికి ఆటోల్లో దిగినవాళ్లంతా అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. ఎండ నడినెత్తి మీద ఉంది. బిడ్డ లేచి ఏడుస్తోంది. కోడలు కొంగు పట్టి నీడ చేస్తోంది. వస్తున్న పికప్పును చూసి అంకమ్మ రోడ్డు మీదికి వచ్చి చెయ్యి ఎత్తింది.

"రేయ్, బాగనే వస్తాండావు గదరా! బస్సు ఇంగా గంటకంట. బిడ్డి ఎండకు తాళల్యాకుండాది. ఎక్కిచ్చుకో."

వెంకటేశ్వర్లు బండి ఆపాడు. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, పక్కకు తిరిగి పాండురంగయ్య వంక చూశాడు.

"ఏమంటావు శెట్టీ? ఎక్కిచ్చుకుందామా?"

మొల సరైనదే. తాను రెండుసార్లు కొలిచాడు. దస్తగిరి బిగించాడు. కొండ దిగి వచ్చేదాకా ఒక్క చప్పుడు లేదు. అవును అంటే తప్పు కాదు. పైగా ఆ ఒక్క మాటతో తాను ఈ మనుషుల ముందు మళ్లీ మనిషి కావచ్చు. అంకమ్మ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడి, అతని నోటి వంకే చూస్తోంది.

"నేనిచ్చిన తప్పు ముక్క ఊగినంత సేపూ చెవి కూడా దెబ్బ తిని ఉండొచ్చు," అన్నాడు పాండురంగయ్య. "కొండ మీద టార్చి వెలుతుర్లో చూసిందే. షెడ్డులో చక్రం ఊడదీసి చూస్తే గానీ నేను చెప్పలేను. వద్దమ్మా. బస్సుకే రాండి."

అంకమ్మ వెనక్కి పోయి బిడ్డను ఎత్తుకుని, తలమీద కొంగు కప్పి, చెట్టు కిందికి నడిచింది.

వెంకటేశ్వర్లు గేరు వేశాడు. ఆళ్లగడ్డ దాకా ముప్పై కిలోమీటర్లు. కొండ దిగేటప్పుడు నిదానం చేయనివాడు, ఆ దారంతా వంతెనలు వచ్చిన చోట, గుంతలు వచ్చిన చోట, బండిని నిదానం చేశాడు.